కొత్త మొహం కనబడితే

మైకు ముందు కూర్చుంటే నాకు ఎదురుగా కనిపించేది ఒక బొంత. మా వీధి ఆడవాళ్ళు పాత చీరలు కలిపి కుట్టిచ్చిన బొంతలు ఆ గది నాలుగు గోడలకూ కొట్టి ఉంటాయి, బయటి చప్పుడు లోపలికి రాకుండా. ఎమ్మిగనూరులో నూలు దుకాణం మీద ఉన్న ఆ ఒక్క గదే మా రేడియో స్టేషన్. అక్కడ పనిచేసే మాలో ఎవరికీ జీతం లేదు. వినేవాళ్ళు ఇచ్చేదానితోనే నడుస్తుంది. డబ్బు ఇవ్వలేనివాళ్ళు వేరుశనక్కాయలు తెస్తారు. ఒకాయన ఇంట్లో ఫ్యాను విప్పి తెచ్చి, తనే బిగించి పోయాడు.

పొద్దున ఇంటి పని ముగించి, మా ఆయన మగ్గానికి సరిపడా నూలు కండెలు చుట్టిపెట్టి, పది గంటలకల్లా నేను ఆ గదిలో ఉండేదాన్ని. పది నుంచి పన్నెండు దాకా కార్యక్రమం నాది. ఎవరి ఎద్దు తప్పిపోయింది, ఏ ఊరికి కంటి డాక్టర్లు వస్తున్నారు, పత్తికొండలో టమోటా ఏ ధర పలికింది, ఇవి చెప్పడం, మధ్యలో ఫోన్లు తీసుకోవడం. నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. అయినా నాకంటే పెద్దవాళ్ళు కూడా ఫోనులో నన్ను అక్కా అనే పిలిచేవాళ్ళు. సంతలో నా గొంతు విని వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. నా మాటంటే నమ్మకమని నాకు లోపల్లోపల గర్వంగా ఉండేది.

ఆ చలికాలం ఊళ్ళు సగం ఖాళీగా ఉన్నాయి. మా పడమటి పల్లెల్లో వానలు ఎగ్గొట్టిన ఏడు జనం మూటలు కట్టుకుని మిరపకోతలకు గుంటూరు వైపు వెళ్ళిపోతారు. సుగ్గికి పోవడం అంటారు దాన్ని. ఇళ్ళలో ముసలివాళ్ళు, బడికి పోయే పిల్లలు మిగులుతారు. అదే సమయంలో పిల్లలను ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న మాట ఫోన్లలో మొదలైంది. ఎవరో ఒక వీడియో పంపారు. అది ఏ రాష్ట్రానిదో, ఏ కాలానిదో తెలియదు, అందులో మనుషులు మాట్లాడే భాష కూడా మాకు అర్థం కాలేదు. కానీ ఒక తల్లి ఏడుపు మాత్రం వినబడుతుంది. ఆ ఏడుపు విన్నాక నేను కూడా నా కూతుర్ని వీధి చివరి బడికి ఒంటరిగా పంపడం మానేశాను. ఇప్పుడు చెప్పబోయేది జరిగిన రోజు కూడా బడి గేటు దాకా చేయి పట్టుకుని దిగబెట్టే స్టేషన్‌కు వెళ్ళాను.

ఇదంతా చెప్పుకోవడం ఎందుకంటే, నేను చేసినది పొగరుతో చేసినది కాదు. భయంతో చేసింది.

పదిన్నర ప్రాంతంలో ఒక ముసలామె ఫోను చేసింది. 

"అక్కా, హాలహర్వి కాడ ఒక పిల్లోన్ని గోనెసంచిలో ఏసుకోని పోయినారంట. మా సెల్లెలు సెప్పింది. కొడుకూ కోడలూ సుగ్గికి పోయినారు. ఇద్దురు మనవలు నా కాడ ఉండారు. నాకు కాళ్ళూ సేతులూ ఆడటం లేదు."

నేను ఆమెను ఓదార్చాను. ఎవరు చూశారని అడగలేదు. మీ చెల్లెలికి ఎవరు చెప్పారని అడగలేదు. అడగడం నా పని. దానికి బదులు మైకులో ఇలా అన్నాను: "అమ్మలారా, అక్కలారా, ఊర్లోకి కొత్త మొహం ఎవరైనా వస్తే ఒక కన్నేసి పెట్టండి. పిల్లల్ని ఒంటరిగా వదలొద్దండి." అంతే. ఆ తర్వాత పత్తి ఏరే ఆడవాళ్ళు పాడగా మేము పట్టుకొచ్చిన పాట ఒకటి వేశాను.

పాట అయ్యేలోపల మూడు ఫోన్లు వచ్చాయి. ఒకాయన ఊళ్ళో గడ్డం మనిషి తిరుగుతున్నాడన్నాడు. ఒకామె బడి దగ్గర తెల్ల కారు ఆగి పోయిందన్నది. నేను ఒక్కొక్కరినే లైనులో పెట్టి "యాడ చూసినారు, ఎప్పుడు చూసినారు" అని అడుగుతూ పోయాను. ప్రతి ఫోనుకూ అవతలి గొంతు ఇంకాస్త తొందరగా మాట్లాడుతోంది. నా గొంతు కూడా అంతే తొందరగా నడుస్తోందని నాకు అప్పుడు తెలియలేదు. తర్వాత విన్నాను. ఆ సంగతి చెప్తాను.

పదకొండుంపావుకు ఆయన ఫోను వచ్చింది. ఆదోని రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉన్న ఊళ్ళో ఉల్లిగడ్డ పండించే రైతు ఆయన. మా స్టేషన్ కోసం ఊరూరా తిరిగి నలుగురి దగ్గరా అడిగి, ఇన్వర్టరు కొనిచ్చిన మనిషి. ఆయన ఫోనంటే నేను ఎప్పుడూ వెంటనే లైనులో పెట్టేదాన్ని. అలాగే పెట్టాను.

"అక్కా, పట్టుకున్నాం," అన్నాడు.

వెనక జనం చప్పుడు. ఎవరో ఇనుప తలుపును అరచేతులతో బాదుతున్నారు.

"ఎవర్ని అన్నా?"

"నువ్వు సెప్పినట్లే. కొత్త మొహం. ముసలి ఆడమనిషి. పిల్లోల్లకి బుడగలు ఇచ్చి ఎనకాల తిప్పుకుంటాంది. సంచి ఇప్పి సూస్తే ఎంటికలు అక్కా. సంచి నిండా ఆడోల్ల ఎంటికలు."

 ఆమె ఎవరో ఆ క్షణమే నాకు అర్థమైంది. మా వీధికి కూడా అలాంటివాళ్ళు వస్తారు. తల దువ్వుకున్నప్పుడు ఊడిన వెంట్రుకలను ఆడవాళ్ళు ఉండచుట్టి, ఒక ప్లాస్టిక్ కవరులో వేసి, రేకుల సందున దాచిపెడతారు. ఆ కవరు తీసుకుని బదులుగా ఒక స్టీలు గిన్నో, టీ వడగట్టేదో ఇచ్చిపోతారు వీళ్ళు. పిల్లలు మారాం చేస్తే చేతిలో ఒక బుడగ పెడతారు. ఆ ఊళ్ళో రోజూ తల దువ్వుకుని వెంట్రుకలు దాచుకునే కోడళ్ళంతా మిరపచేలలో ఉన్నారు. ఊళ్ళో ఉన్నది భయపడిపోయిన అవ్వలు, తాతలు, పనిలేక రచ్చకట్టల మీద కూర్చున్న మగవాళ్ళు.

ఆయన ఫోను లైనులోంచి తీసి పాట వేశాను. రెండుసార్లు తప్పు మీట నొక్కాను. అప్పుడే సార్ మెట్లెక్కి వచ్చారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, స్టేషన్ పెద్ద. కింద నూలు దుకాణంలో రేడియో వింటూ ఉండి, అంతా వినే వచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. జేబులోంచి ఫోను తీసి పోలీసులకు చేశారు. ఊరి పేరు చెప్పారు. బయల్దేరుతున్నామని, దారి అంతా మట్టిరోడ్డు కాబట్టి కొంత సమయం పడుతుందని వాళ్ళు చెప్పారు.

నేను మళ్ళీ రైతుకు ఫోను చేశాను.

"అన్నా, ఆమె ఎంటికలకు గిన్నెలిచ్చే ఆమె. దొంగ కాదు. వదిలేయండి."

ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. ఈసారి ఆ గొంతులో గెలిచిన సంతోషం లేదు.

"నాకూ అట్లనే అనిపిస్తాంది అక్కా. కానీ నేను వదిలినా ఈళ్ళు వదల్రు. జనం ఎక్కువైనారు. పక్క ఊర్ల నుంచి బండ్ల మీద వస్తాండారు. ఇందాక ఒకడు కట్టెతో కొట్టినాడు. అందుకే డెయిరీకి పాలు పోసే గదిలోకి తోసి నేనే తాళం ఏసినా. తాళంచెవి నా కాడ ఉంది. దానికోసం ఇప్పుడు నా సొక్కా పట్టుకుంటాండారు."

నేను వెంటనే మైకు దగ్గరికి జరిగాను. ఫలానా ఊళ్ళో ఉన్న ఆమె అమాయకురాలు, వదిలేయండి అని చెప్పబోయాను. సార్ నా భుజం పట్టుకుని ఆపారు.

"ఊరి పేరు సెప్పొద్దమ్మా. సెప్పితే మిగతా ఊర్లన్నీ ఆడికే పోతాయి."

"చెప్పకపోతే వాళ్ళకెట్ల తెలుస్తుంది సార్?"

"వాళ్ళు ఇంటానే ఉండారు. నువ్వు మాట్లాడు. ఆమెను లైన్లో పెట్టి మాట్లాడు."

ఈలోపల పాట అయిపోయింది. గదిలో ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఊరూరా రేడియోల్లో ఆ నిశ్శబ్దమే పోతోంది.  నా జీవితంలో అంత భయం కాన్పు రోజు కూడా లేదు.

రైతుకు చెప్పాను, కిటికీ చువ్వల్లోంచి ఆమె చేతికి ఫోను ఇవ్వమని. లైనులో పెట్టాను. చెవులు చిల్లులు పడేట్టు కీచుమంది. ఆ పాలగది బయట ఎవరో రేడియోను పెద్దగా పెట్టుకుని కిటికీకి ఆనుకుని నిలబడ్డారు. "రేడియో పట్టుకున్నవాళ్ళు కిటికీ కాడి నుంచి దూరం జరగండప్పా, లేకుంటే ఏమీ వినబడదు," అన్నాను. కీచు మెల్లగా తగ్గింది. అంటే నా మాట విని వాళ్ళు జరిగారు. 

"అవ్వా, వినబడతాందా?"

"ఎవురు తల్లీ?"

"రేడియోలో మాట్లాడేదాన్ని."

ఆమె దగ్గింది. తర్వాత, "నన్ను సంపుతారంట తల్లీ," అన్నది. ఏడవడం లేదు. దానికే నాకు ఇంకా భయం వేసింది.

"ఎవరూ ఏమీ చేయరు. పోలీసులు వస్తాండారు. నువ్వు ఏం పని చేస్తావో అందరికీ చెప్పవ్వా."

చెప్పింది. వెంట్రుకలకు గిన్నెలిస్తానని, పిల్లలకు బుడగలిస్తానని, తన మొగుడు పోయినప్పటి నుంచి ఇదే బతుకని. ఏ ఏ ఊళ్ళు తిరుగుతుందో ఒక్కొక్కటే పేర్లు చెప్పింది. దేవనకొండ దగ్గరి ఊళ్ళు, ఆదోని చుట్టూ ఊళ్ళు. బయట ఎవరో మగమనిషి "అబద్దాలు సెప్తాంది" అని అరవడం ఫోనులోంచి వినబడింది, తర్వాత తలుపు మీద ఒక పెద్ద దెబ్బ.

"ఈ ఊర్లో నిన్ను ఎరిగినవాళ్ళు ఉండారా అవ్వా?"

"బోరింగు పక్క ఇంట్లో కోడలు ఉండె. పాలగిన్నె ఇచ్చినా. అప్పుడు కడుపుతో ఉండె. ఇప్పుడు పోతే ఆ కోడలు లేదు."

నేను మైకులో అడిగాను. ఈమెను ఎరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే ఫోను చేయండి, ఊరి పేర్లు మాత్రం చెప్పొద్దండి అని. ఫోను వైపు చూస్తూ కూర్చున్నాను. ఇందాక ఆగకుండా మోగినది ఇప్పుడు మోగడం లేదు. ఎంతసేపో చెప్పలేను. అవ్వ ఊపిరి మాత్రం లైనులో వినబడుతోంది. సార్ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నారు.

మొదటి ఫోను ఒక టైలరమ్మది. "ఆయమ్మ గొంతు నాకు తెలుసు. మా ఇంటికి వస్తాది. కూసోని మజ్జిగ తాగి పోతాది," అన్నది. తర్వాత ఇంకొకామె. ఆ తర్వాత ఒక ముసలాయన, "మా ఆడది ఈమెతో ఒక మూతగిన్నె కోసం గంటసేపు బేరం సేసింది," అన్నాడు. అయినా తలుపు మీద దెబ్బలు ఆగలేదు. అవతల నిలబడ్డవాళ్ళకు వీళ్ళంతా ఎవరో తెలియదు కదా.

అప్పుడు చాలా దూరం నుంచి, గాలి హోరు మధ్య ఒక పడుచు గొంతు వచ్చింది. గుంటూరు పక్క మిరపచేలో ఉంది. ఊళ్ళోంచి ఎవరో ఆమెకు ఫోను చేసి, మా నంబరు ఇచ్చారట. బోరింగు పక్క ఇంటి కోడలు.

"మా అత్త ఆడనే ఉంటాది అక్కా. ఇంటాంది కదా? అత్తా, ఆ అవ్వ మనింటికి వచ్చే అవ్వ. నువ్వు పిల్లోనికి పాలు కాసేది ఆయమ్మ ఇచ్చిన గిన్నెలోనే. గుర్తు లేదా నీకు. ఆయమ్మని ఏమన్నా సేస్తే నేను ఇంటికి రాను, సెప్తాండా."

ఆ మాట తర్వాత ఫోనులో జనం చప్పుడు మారింది. ఆగలేదు, మారింది. ఒక ఆడమనిషి పెద్దగా ఏదో అనడం, మగవాళ్ళు ఆమెకు ఎదురు చెప్పడం వినబడింది. ఆ అత్తే తలుపుకు అడ్డం నిలబడిందని రైతు నాకు తర్వాత చెప్పాడు. బండ్లు స్టార్టయ్యే చప్పుడు ఒకటి, రెండు. పన్నెండు దాటాక పోలీసు జీపు వచ్చింది. తాళం తీసిన చప్పుడు విన్నాక నేను మైకు మూసి, బొంతకు తల ఆనించి కూర్చుండిపోయాను. 

ఆ సాయంత్రం పోలీసులు పిలిచారు. మా ఆయన తోడు వచ్చాడు. మా స్టేషన్‌లో ప్రతి కార్యక్రమమూ రికార్డు అవుతుంది. ఆ రోజుది సార్ వాళ్ళ ముందు వేసి వినిపించారు. నా గొంతు. కొత్త మొహం ఎవరైనా వస్తే ఒక కన్నేసి పెట్టండి. మెత్తగా, తీయగా, ఎవరింటి ఆడపడుచో చెప్పినట్లు ఉంది ఆ గొంతు. ఆ తర్వాత ఫోన్లు తీసుకునేటప్పుడు అదే గొంతు తొందరతో ఉరుకుతోంది. నేను తలవంచుకుని విన్నాను. తప్పు స్టేషన్‌ది అని సార్ రాసిచ్చారు. నేను కూడా రాసిచ్చాను. హెచ్చరించి పంపారు. ఇంటికి వచ్చేదారిలో మా ఆయన ఒకే మాట అన్నాడు, "ఇంక పోవద్దులే" అని.

రెండు రోజుల తర్వాత ఆదోని ఆసుపత్రికి వెళ్ళాను. అవ్వ మోచేతికి కట్టు ఉంది, చెవి దగ్గర కుట్లు. పక్కన ఆమె కూతురు కూర్చుని ఉంది. నన్ను చూసి, ఇంకెవరో రోగి బంధువు అనుకుని, అవ్వ కొంచెం నవ్వి జరిగి చోటిచ్చింది. నేను రొట్టె ప్యాకెట్టు, పండ్లు మంచం మీద పెట్టి, "అవ్వా, ఎట్లుండావు?" అన్నాను.

నా గొంతు వినగానే అవ్వ మొహంలో నవ్వు పోయింది. బాగున్న చేతితో మంచం కడ్డీ పట్టుకుంది.

"నువ్వు ఆ రేడియో ఆడమనిషివి," అన్నది.

అవునన్నాను.

"ఆ ఊర్లో ఒక ఇంట్లో గిన్నె బేరం సేస్తాంటే నీ మాట ఇనబడింది. కొత్త మొహం అన్నావు. ఆ ఇంటామె తల ఎత్తి నన్ను సూసింది. ఆ సూపుకే లేసి పోవాల్సింది నేను. ఇంకో గిన్నె సూపిస్తా కూసున్నా."

నేను ఆమె కాళ్ళు పట్టుకోబోయాను. కాళ్ళు వెనక్కి తీసుకుంది. తప్పయిపోయిందని చెప్పాను, ఇంకా ఏవేవో చెప్పాను. ఆమె కిటికీ వైపు చూస్తూ అంతా విన్నది.

"కొట్టిచ్చిందీ నువ్వే, ఇడిపించిందీ నువ్వే. నీకు ఏం సెప్పాల్నో నాకు తెలీదు తల్లీ. ఆ గొంతు ఇంటాంటే నాకు గుండె దడ వస్తాంది. పో."

వచ్చేశాను. పండ్లు తిన్నదో, పారేసిందో తెలియదు.

మూడు వారాలు స్టేషన్ వైపు వెళ్ళలేదు. కండెలు చుట్టుకుంటూ ఇంట్లో ఉన్నాను. ఇంట్లో కూడా మెల్లగా మాట్లాడేదాన్ని. పిల్ల ఏమైనా అడిగితే తల ఊపేదాన్ని. సార్ రోజూ మైకులో జరిగింది చెప్పి క్షమాపణ అడుగుతున్నారని, దానికి కొందరు కోపగించుకున్నారని తెలిసింది. పిల్లల్ని కాపాడుకోమని చెప్పడం తప్పెట్లయిందని వాళ్ళ మాట. ఇద్దరు ముగ్గురు ఇచ్చే సాయం మానేశారు. నాలుగో వారం నేను వెళ్ళి, ఆ క్షమాపణ నా నోటితో నేనే చెప్పాను. చెప్పేటప్పుడు ఆ అవ్వ ఎక్కడైనా వింటుందేమో, వింటే దడ వస్తుందేమో అన్నదే నా మనసులో ఉంది.

రైతు ఒకరోజు వచ్చాడు. మెట్ల మీదే కూర్చున్నాడు, లోపలికి రాలేదు. ఆ కట్టెతో కొట్టినవాడు తన తమ్ముడని చెప్పాడు. కేసు నడుస్తోందని, తనే సాక్షి అని.

"ఇంట్లో ఎవురూ నాతో మాట్లాడరు అక్కా," అన్నాడు. "సాచ్చెం సెప్పాలంటే భయం. సెప్పకుంటే ఆయమ్మ మొగం కండ్లల్లో మెదుల్తాది." నేను టీ తెప్పిస్తే తాగి పోయాడు. తర్వాత సాక్ష్యం చెప్పాడు. ఆ అవ్వ మాత్రం మళ్ళీ మా వైపు రాలేదు. పెద్ద ఊళ్ళు మాత్రమే తిరుగుతోందని, పల్లెల్లోకి పోవడం లేదని ఇంకో వెంట్రుకల ఆమె చెప్పింది.

ఇప్పటికీ నేను మైకు ముందు కూర్చుంటున్నాను.  మొన్న ఒకాయన, ఊరి బయట ఎవరో గుడారాలు వేసుకున్నారు, ఆడవాళ్ళు పిల్లలు చాలామంది ఉన్నారు, అనుమానంగా ఉంది అని మొదలుపెట్టాడు. లైను కోసేశాను. పాట వేయడం కూడా మరిచి, ఇంకో ఫోనులో ఆ ఊరి బడి టీచరుకు చేశాను, తర్వాత ఆశా కార్యకర్తకు చేశాను. కర్ణాటక నుంచి గొర్రెలు తోలుకొచ్చినవాళ్ళట, ప్రతి ఏడూ ఆ చేలల్లోనే మంద పెడతారట. మళ్ళీ మైకు తెరిచి, ఎవరూ కంగారు పడొద్దు, వాళ్ళు గొర్రెలవాళ్ళు అని చెప్పాను. గొంతు సరిగానే వచ్చింది. అరచేతుల చెమట చీరకు తుడుచుకుని, కంటి డాక్టర్లు ఏ ఊరికి వస్తున్నారో చదవడం మొదలుపెట్టాను.